తెడ్ల వీధిలో టెడ్లీ దొర

క్విజ్ ఆఖరి రౌండుకి వచ్చేసరికి ఆడిటోరియంలో సగం పంకాలు ఆగిపోయాయి. పద్మావతి కొంగుతో మెడ తుడుచుకుని, చేతిలో కార్డు ఒకసారి చూసుకుని, మైకు దగ్గరికి జరిగింది. గాజువాక దగ్గర ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆవిడ చరిత్ర లెక్చరరు. కాలేజీల మధ్య ఏటా జరిగే ఈ పోటీకి ప్రశ్నలు తయారుచేసేదీ ఆవిడే, అడిగేదీ ఆవిడే, ఒప్పో తప్పో తేల్చేదీ ఆవిడే. ఈసారి గెలిచిన జట్టు హైదరాబాదు వెళ్ళి రాష్ట్రస్థాయిలో ఆడుతుంది. అందుకని బల్లల వెనక పిల్లలకి కాలు నిలవడం లేదు.

"సబ్బవరం జట్టుకి ప్రశ్న. పూర్ణా మార్కెట్ వెనకాల తెడ్ల వీధి ఉంది కదా. ఆ వీధికి ఆ పేరు ఎలా వచ్చింది?"

సబ్బవరం జట్టులో ఇద్దరూ ఆడపిల్లలే. నూకాలు అనే పిల్ల తల అడ్డంగా ఊపింది. రెండో పిల్ల దేవిశ్రీ లేచి నిలబడింది. పొద్దున్న దిగిన బస్సు టికెట్టు ఇంకా వాచీ పట్టీ కింద దోపుకునే ఉంది.

"తెడ్లు సేసే వడ్రంగులు ఉండీవోరండి ఆ వీధిలో. పడవల తెడ్లు."

"తప్పు. పాస్."

పక్క బల్ల పద్మావతి సొంత కాలేజీ జట్టుది. అక్కడ మణికంఠ ప్రశ్న తన దాకా రావడం కోసమే కూచున్నట్టు మైకు లాక్కున్నాడు. "టెడ్లీ దొర వల్ల మేడమ్. కుంపిణీ కాలంలో ఆ వీధిలో కాపురమున్న ఇంగ్లీషు కెప్టెను. టెడ్లీ దొర వీధి కాస్తా జనం నోట్లో తెడ్ల వీధి అయిపోయింది."

"కరెక్ట్! బోనస్ ఐదు మార్కులు."

చప్పట్లు మోగాయి. వెనక వరసల్లోంచి ఎవడో "తెడ్లు సేసీవోరండీ!" అని దేవిశ్రీ గొంతు అనుకరించాడు. హాలంతా నవ్వింది. దేవిశ్రీ కూడా నవ్వబోయి, సగంలో ఆగి కూచుంది. పద్మావతికి ఆ సగం నవ్వు కనిపించింది. కానీ చేతిలో ఇంకా రెండు కార్డులున్నాయి. తర్వాతి ప్రశ్న అడిగేసింది.

పోటీ ముగిసింది. సొంత కాలేజీ సరిగ్గా ఐదు మార్కుల తేడాతో నెగ్గింది. ప్రిన్సిపాలు శివరామకృష్ణగారు కప్పు పట్టుకుని ఫొటోకి నిలబడ్డారు. ఫొటోగ్రాఫరు ఇంకోటి, ఇంకోటి అంటూ తీస్తుంటే ఆయన ప్రతిసారీ టై సర్దుకుంటున్నారు.

మెట్ల దగ్గర దేవిశ్రీ ఎదురొచ్చింది. పోట్లాడ్డానికి వచ్చిందేమోనని పద్మావతి ముందే మొహం గట్టిపరుచుకుంది.

"మేడమ్, ఆ టెడ్లీ దొర కోసం ఏ బుక్కులో సదువుకోవచ్చండి?"

"బుక్కు కాదమ్మా, నెట్‌లో ఉంది. ఎన్‌సైక్లోపీడియా ఉంటుంది కదా, తెలుగులో కూడా వస్తోంది. అందులో ఆ వీధికి ఒక పేజీ ఉంది."

"నెట్‌లో ఎవలు రాసేరండి?"

వేళాకోళం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఆ పేజీ ఎవరు రాశారో పద్మావతి చూడనే లేదు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి, "ఈ మాట ఎవరు రాశారు, ఆయనకెలా తెలుసు?" అని అడగమని నేర్పుతున్నది తనే.

"కనుక్కుని చెప్తాను. ఫోన్ నంబరుందా?"

"మా నాన్న నంబరండి. సాయంత్రం ఐతే ఇంటికాడ ఉంతాడు."

*

గవర్రాజు పోర్టులో ట్రాఫిక్ విభాగంలో గుమాస్తా. పద్మావతికి మొగుడు. పగలంతా ఏ ఓడలో ఎన్ని టన్నులు దిగాయో రాసి రాసి, ఇంటికి రాగానే లుంగీ కట్టుకుని కంప్యూటరు ముందు కూచుంటాడు. బ్రాడ్‌బ్యాండ్ పెట్టించి ఏడాదయింది. అప్పట్నించీ ఆయన ఇంటర్నెట్ ఎన్‌సైక్లోపీడియాకి బంటు అయిపోయాడు. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అని తెలిసిన రోజున ఆయన మొహం చూడాల్సిందే. రెండే రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, అనకాపల్లి బెల్లం గురించీ, యారాడ కొండ గురించీ, తాటిముంజల గురించీ రాసి పారేశాడు.

ఆ సాయంత్రం ఆయన స్నానానికి వెళ్ళడం చూసి పద్మావతి కుర్చీలో కూచుంది. తెడ్ల వీధి పేజీ తెరిచింది. చిన్న పేజీ. ఎక్కడుందో, ఏ దుకాణాలున్నాయో, పాతరోజుల్లో అక్కడ కిరసనాయిలు దీపాలు ఎలా వెలిగించేవారో రాసుంది. మధ్యలో టెడ్లీ దొర వాక్యం. ప్రశ్న తయారుచేసిన రోజున ఈ వాక్యం చదవగానే ఎక్కడో విన్నట్టే అనిపించి, 'అవును, నిజమే' అని తలాడించి కార్డు మీద ఎక్కించేసింది.

ఇప్పుడు మాత్రం చదువరిలా కాకుండా పరీక్ష పేపరు దిద్దేదానిలా చదివింది. దీపాల వాక్యం పక్కన చిన్న అంకె వేసి ఉంది. ఆ అంకె నొక్కితే పేజీ అడుగున ఒక పుస్తకం పేరొచ్చింది. స్వాతంత్ర్యానికి ముందు ఈ ఊరి వకీలు ఒకాయన సొంత డబ్బుతో అచ్చు వేయించిన పుస్తకం. టెడ్లీ దొర పక్కన అంకె లేదు, చుక్క లేదు. దొరగారు ఆధారమేమీ లేకుండా గాల్లో నిలబడ్డారు.

పేజీ పైన 'చరితం' అని ఒక మీట ఉంది. ఎవరు ఎప్పుడు ఏం చేర్చారో అందులో వరసగా కనిపిస్తుంది. నొక్కి, ఒక్కో వరసే చదువుతూ కిందికి దిగింది. టెడ్లీ దొర ప్రవేశించిన వరస దగ్గర ఆగింది. చేర్చినవారి పేరు: రేవు గవర్రాజు.

"ఏవండీ!"

గవర్రాజు తల తుడుచుకుంటూ వచ్చాడు.

"తెడ్ల వీధిలో టెడ్లీ దొరని కాపురం పెట్టించింది మీరేనా?"

"ఆ! చూశావా? ఎలా ఉంది?" ఆయన మొహం చేటంతయింది.

"ఎక్కడ చదివారది?"

"చదవడమేంటి పద్మా? నువ్వే చెప్పావుగా!"

"నేనా?"

"నువ్వే. ఆ వానలో, పూర్ణా మార్కెట్‌కెళ్ళి వస్తుంటే స్కూటరాగిపోలేదూ? నెత్తి మీద కూరల సంచీ పెట్టుకుని వీధి బోర్డు కింద నిలబడి నువ్వే అన్నావు, 'ఎవడో టెడ్లీ దొర ఉండుంటాడండీ, వీళ్ళు తెడ్లు చేసుంటారు వాణ్ణి' అని. హిస్టరీ లెక్చరరు నోటమ్మట వచ్చిన మాట కదా అని ఇంటికొచ్చి రాసేశాను."

పద్మావతికి ఆ వాన గుర్తొచ్చింది. సంచీలోంచి తోటకూర నీళ్ళు కారి మెడలోకి దిగుతుంటే, చిరాకు పోగొట్టుకోడానికి ఆడిన మాట అది. తను సరదాకి అన్నది మొగుడు రాశాడు. మొగుడు రాసింది తను చదివింది. చదివి, ఎక్కడో విన్నట్టుందని నమ్మింది. మరి వినదూ, తన నోట్లోంచే వచ్చిందాయె!

నవ్వు ఆగలేదావిడకి. కుర్చీలో ముందుకి వంగి, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వింది. ఎందుకో తెలియకపోయినా గవర్రాజు కూడా కలిశాడు. నవ్వుతుండగానే హాల్లో దేవిశ్రీ సగం నవ్వు గుర్తొచ్చింది. ఆగిపోయింది.

"ఆ మాట మీద ఒక పిల్లని ఓడించానండీ ఇవాళ."

సంగతంతా విన్నాక గవర్రాజు తువ్వాలు భుజానేసుకుని గబగబా కూచోబోయాడు. "ఉండు, ఇప్పుడే పీకేస్తాను దొరని."

"పీకేస్తే అబద్ధం పోతుంది. నిజమేంటో తెలియాలి కదా. రెండు రోజులాగండి." అడుగున ఉన్న వకీలుగారి పుస్తకం పేరు కాయితమ్మీద రాసుకుంది. "మీ పేజీ మరీ అంత పనికిరానిది కాదులెండి. ఎక్కడికెళ్ళాలో చెప్పింది."

సబ్బవరం నంబరుకి ఫోన్ చేస్తే మగగొంతు పలికింది. "ఎవలండీ?... మా దేవిశ్రీతోటా? ఏటి, ఏటైనా తప్పు సేసిందేటండి?"

"లేదండీ. తప్పు నేను చేశాను."

అవతల దేవిశ్రీ తండ్రి సన్యాసిరాజు. మేడమ్‌లు ఇలా మాట్లాడగా ఆయన ఎప్పుడూ వినలేదు కాబోలు. "ఉండండి, పిలుత్తాను" అన్నాడు.

*

సోమవారం కాలేజీకి సెలవు పెట్టి పద్మావతి పాత ఊళ్ళో గ్రంథాలయం మెట్లెక్కేసరికి దేవిశ్రీ అప్పటికే వరండాలో ఉంది. తొలి బస్సు పట్టుకున్నట్టుంది. మేడమ్ చెప్పిందంతా విని, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత సీరియస్ అయిపోయింది.

"నాను కూడా ఊయించే సెప్పేనండి. తెడ్లంటే తెడ్లే కదా అనుకున్నాను. ఎక్కడా సదవలేదు."

"అయితే ఇద్దరం ఒకే బడి అన్నమాట. పద, చూద్దాం."

లైబ్రేరియన్ కనకరత్నం పుస్తకం పేరు చూసి బీరువా దగ్గరికి తీసుకెళ్ళింది. తలుపు బిగుసుకుపోయి ఉంటే భుజంతో ఒక్క పోటు పొడిచి తెరిచింది. "ఈ బుక్కు ఎవలూ అడగరండి. పేజీలు అప్పడాల్లాగ ఉంతాయి, మెల్లగ తిప్పండి" అని చెప్పి, ఒక మెత్తని గుడ్డా, పాత స్కేలూ ఇచ్చింది.

పుస్తకానికి విషయసూచిక లేదు. వకీలుగారు గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు రాసుకుంటూ పోయారు. ఓ పేజీలో తుఫాను, తర్వాతి పేజీలో తన మావగారి వైద్యం, ఆ వెంటనే రేవులో దిగిన గుర్రాలు. ఒకరు స్కేలు వరస కింద పెట్టి చిన్నగా పైకి చదివితే రెండోవారు వినడం. అలిసిపోతే మార్చుకోవడం. దేవిశ్రీ పేజీని మొదట గుడ్డతో అద్ది, అంచు కింద స్కేలు దూర్చి, రెండు చేతులమీద పసిపిల్లని తిప్పినట్టు తిప్పేది. దుమ్ముకి పద్మావతి తుమ్మినప్పుడల్లా పుస్తకం మీద అరచేతులు కప్పేది. చదవడం మాత్రం ఎక్స్‌ప్రెస్ బండే.

"నువ్వు పత్రికలు బాగా చదువుతావా?"

"మా నాన్నకి నానే సదివి పెడతానండి రోజూ. ఆలీసమైతే ఊరుకోడు."

మధ్యాహ్నం అవుతుండగా దేవిశ్రీ గొంతు ఆగింది. స్కేలు మీద వేలు పెట్టి మళ్ళీ మొదట్నించీ చదివింది. "...ఉప్పు కొఠార్ల వర్తకమున మిక్కిలి గడించిన తెడ్ల వారు ఈ వీధియందే నివసించి, బాటసారులకై సత్రము కట్టించిరి. అందుచే తెడ్ల వారి వీధి యనబడుచున్నది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంటి పేరండి!" అంది దేవిశ్రీ. "వడ్రంగులూ కాదు, దొరా కాదు. ఉప్పమ్ముకున్నోలు!"

బల్ల అవతల కనకరత్నం, "తేలిందా అయితే?" అని మెడ చాచింది. పద్మావతి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇంక అన్నం తినొచ్చనుకుంది. దేవిశ్రీ మాత్రం లేవలేదు. పుస్తకాన్నే చూస్తోంది.

"మేడమ్, మరి ఈ వకీలుగోరు ఎవల్ని అడిగి రాసేరంతారు?"

పద్మావతి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "నాకు ఆకలేస్తోందే తల్లీ!" అని, నవ్వి, లేచింది. "సత్రం కట్టించారన్నాడు కదా. ఉందో లేదో చూసొద్దాం పద."

దారిలో నిలబడే చెరో రెండు ఇడ్లీలు తిని తెడ్ల వీధికి నడిచారు. బస్తాల తోపుడుబళ్ళు, ఆటోలు, అరటి గెలలు దించేవాళ్ళు. ఆ రద్దీలో సత్రం కోసం వెతికితే ఉల్లిపాయల గోడౌన్ ఒకటి కనిపించింది. కొట్టు కొట్టులా లేదు. ఎత్తు అరుగులూ, చెక్కిన స్తంభాలూ ఉన్నాయి. గుమ్మం పైన పలక లాంటిది ఏదో ఉంది గానీ, ఏటేటా కొట్టిన సున్నం పొరల కింద నున్నగా పూడిపోయింది.

ఆ గుమ్మం కిందే, అరుగు మీద విస్తరాకులమ్మే కాసులమ్మని పద్మావతి పీట అడిగింది.

"పీటెందుకమ్మా?"

"ఆ పైనేం రాసుందో చూడాలి."

"రాతేటి? నాను ముప్పై ఏళ్ళబట్టీ కూకున్నాను ఇక్కడ, ఏ రాతా నేదు." అంటూనే తను కూచున్న పీట లాగి ఇచ్చింది. ఆకుల మీద చల్లే నీళ్ళ బొక్కెన కూడా తెచ్చి, చూద్దామని నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

దేవిశ్రీ చున్నీ నడుముకి బిగించి పీటెక్కింది. తడిగుడ్డతో సున్నం నానబెట్టి, స్కేలు తిరిగిచ్చేశామే అని తిట్టుకుని, కాసులమ్మ ఇచ్చిన కొబ్బరి చిప్పతో మెల్లగా గీకింది. సున్నం రేకులు రేకులుగా పద్మావతి జుట్టులో రాలింది. మొదట ఎత్వం ఒకటి, తర్వాత ఓ ఒత్తు. ఉల్లి బస్తాలు మోసేవాళ్ళు ఇద్దరు బస్తా దించేసి వచ్చారు. ఓ ఆటోవాడు ఇంజను ఆపాడు.

"తె... డ్ల..." దేవిశ్రీ అరిచింది. "తెడ్ల! తెడ్ల అప్పలనరసయ్య గారి ధర్మ సత్రము అనుందండి మేడమ్!"

"ఇన్నాళ్ళూ నా నెత్తి మీద రాత నాకే తెల్దు!" అని కాసులమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఆటోవాడు ఎందుకో చప్పట్లు కొట్టాడు. బస్తాల వాళ్ళూ కొట్టారు. పీట మీద నిలబడి, మొహం నిండా సున్నంతో దేవిశ్రీ నవ్వింది. ఈసారి సగంలో ఆగలేదు.

*

శివరామకృష్ణగారు అంతా విని, అద్దాల బీరువాలో ఉన్న కప్పు వైపు చూశారు. పక్కనే పేపరు కటింగు అంటించి ఉంది. ఫొటోలో టై బాగానే కుదిరింది.

"అయితే ఆ సబ్బవరం అమ్మాయిదీ తప్పేగా పద్మావతిగారూ? తప్పు తప్పే. మరింకేంటి గొడవ?"

"మనదీ తప్పేనండి. వాళ్ళ తప్పుకి సున్నా ఇచ్చి, మన తప్పుకి ఐదిచ్చాను. ఆ ఐదూ తీసేస్తే రెండు జట్లూ సమానం."

"పేపర్లో పడిపోయిందండీ! కోడి కూశాక తెల్లారలేదంటే ఎలా?"

"ఆ కోడిని కూయించింది నేనే కదండి. ఆధారం చూసుకోకుండా ప్రశ్నడిగానని నేనే రాసిస్తాను. కాలేజీకి చెడ్డపేరు రాదు."

ఆయన పేపర్‌వెయిట్ బల్ల మీద బొంగరంలా తిప్పి, ఆగేదాకా చూసి, మళ్ళీ తిప్పారు. మణికంఠని పిలిపించారు. వాడైనా అడ్డుపడతాడని ఆయన ఆశ. పద్మావతికీ అదే భయం. హైదరాబాదు వెళ్తున్నానని వాడు అప్పుడే కొత్త బూట్లు కొనుక్కున్నాడు. అవే వేసుకుని వచ్చాడు.

మణికంఠ విషయం విని, బూట్లకేసి చూసుకున్నాడు. "నేను కూడా ఆ పేజీయే చదివాను సార్. మేడమ్ ప్రశ్నలు ఎక్కణ్ణించి తీస్తారో మాకు తెలుసు లెండి" అన్నాడు. పద్మావతికి చెవులు ఎర్రబడ్డాయి. "తీసేయండి సార్ ఆ ఐదూ. దొర లేకపోతే గెలవలేమా ఏంటి? మళ్ళీ పెట్టండి. మళ్ళీ కొడతాం."

గురువారం మధ్యాహ్నం మళ్ళీ పెట్టారు. సీటు దొరక్క పిల్లలు కిటికీలెక్కారు. పద్మావతి ముందుగా మైకు తీసుకుని, పోయినసారి ఏం జరిగిందో చెప్పింది. మొగుడి పేరు దాచలేదు, వాననీ దాచలేదు. తోటకూర మెడలోకి కారిన దగ్గర హాలు ఘొల్లుమంది. ఆ నవ్వులో తనూ కలిసింది.

"ఆ పేజీలు చదవొద్దని చెప్పను. నేనూ చదువుతాను. అది ఊరి మొదట్లో నిలబెట్టిన దారి బోర్డు. బోర్డు చూసి, ఊరు చూసేశామని ఇంటికెళ్ళిపోకూడదు. ఇవాళ నేనడిగే ప్రతి ప్రశ్నకీ జవాబు ఎక్కడుందో ఆ పుస్తకం ఈ బల్ల మీదే ఉంది. అనుమానమొస్తే ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు."

మొదటి ప్రశ్న మణికంఠ కొట్టేశాడు. రెండోది దేవిశ్రీ. మూడోది, ఆఖరిది, దీపస్తంభాల గురించి. మణికంఠ గంట నొక్కి, జవాబు నాలుక చివర ఉండిపోయి, ఎంత లాగినా రాక, టైము పోగొట్టుకున్నాడు. అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని నూకాలు మైకు అందుకుని, జవాబు చెప్పేసి, తనే హడిలిపోయి మైకు వదిలేసింది. మణికంఠ నుదురు బల్లకి కొట్టుకుని, లేచి వెళ్ళి ఇద్దరితోనూ చెయ్యి కలిపాడు. "కొత్త బూట్లతో ఇక్కడే తిరుగుతాలెండి" అన్నాడు.

అద్దాల బీరువా తాళం ఎంతకీ తిరక్క శివరామకృష్ణగారికి చెమట పట్టింది. చివరికి కప్పు బయటికి తీసి, మళ్ళీ టై సర్దుకుని, ఫొటోగ్రాఫరు కోసం చుట్టూ చూశారు.

మర్నాడు సన్యాసిరాజు కాలేజీకి వచ్చాడు. తలగుడ్డ చంకలో పెట్టుకుని, కుర్చీ చూపించినా కూచోలేదు. "హైదరాబాదంటన్నారు. ఎప్పుడూ పంపలేదమ్మా. వాళ్ళ లెక్చరరుగోరు మగాయన. మీరొత్తే పంపుతాను. మీ తప్పు మీరే సెప్పుకున్నోరు, పిల్లని జాగర్తగా సూత్తారు."

*

గోదావరి ఎక్స్‌ప్రెస్ బయల్దేరబోతుంటే గవర్రాజు ప్లాట్‌ఫారం మీద ఆపసోపాలు పడుతూ వచ్చాడు. డ్యూటీ బట్టలు కూడా మార్చుకోలేదు. కిటికీలోంచి పులిహోర డబ్బా అందించి, అమ్మాయిలిద్దర్నీ చూసి, "ఎవరమ్మా నా దొరని ఊళ్ళోంచి తరిమేసింది?" అన్నాడు. నూకాలు వేలు దేవిశ్రీ వైపు తిప్పింది. దేవిశ్రీ లేచి నిలబడి నమస్కారం పెట్టింది.

"మంచిపని చేశావు. అద్దె కూడా ఇవ్వకుండా ఉన్నాడు వెధవ."

రైలు కూత వేసింది. గవర్రాజుకి అసలు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కిటికీ చువ్వ పట్టుకున్నాడు.

"పద్మా! కొత్త వాక్యం రాశాను కదా, తెడ్లవారి ఇంటిపేరని, వకీలుగారి పుస్తకం పేరేసి. పొద్దున్నే ఎవరో శ్రీకాకుళం ఆయన పట్టుకున్నాడు. 'ఏ పేజీలో ఉందో చెప్పండి, నేనూ చూసుకుంటాను' అంటున్నాడు. చెప్పకపోతే తీసేస్తాట్ట!"

"తీసెయ్యమనండి! మంచివాడే ఆయన!" అంది పద్మావతి.

"అలాగంటే ఎలా? ఎంత కష్టపడి టైపు చేశాను!"

రైలు కదిలింది. గవర్రాజు పక్కనే నడిచాడు. తర్వాత పరుగందుకున్నాడు. టీ బండి వాడు తప్పుకున్నాడు, పోర్టరొకడు తిట్టాడు. ఆయన జేబులోంచి పెన్ను తీసి, మూత నోట కరిచి, అరచెయ్యి చాపి పరిగెడుతూనే అరిచాడు. "ఏ పేజీ? పద్మా! పేజీ నంబరెంత?"

పద్మావతీ దేవిశ్రీ ఒక్కసారే కిటికీలోకి వంగారు. తలలు టకీమని కొట్టుకున్నాయి. నొప్పికి కళ్ళు మూసుకునే ఇద్దరూ ఒకే గొంతుతో కేకేశారు.

"నూటపదిహేడు!"